మూడో చిలక్కొయ్యను ఎందుకు బిగించానంటే

మ్యూజియం ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు ఈ మధ్య నాకు ఫోన్ చేసి, "అంకుల్, ఈ లైన్ ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. చల్లగా ఉంటుందని చెబుతున్నాను. అబద్ధం కాదు. దోహా ఎండల్లో రోజంతా ఏసీ ఆపని గది, దుమ్ము లేని బల్ల, ఎదురు చెప్పని వస్తువులు. ఇంతకంటే సుఖమైన డ్యూటీ ఈ దేశంలో ఎవరికైనా ఉందేమో నాకు తెలియదు. చిక్కల్లా ఆ వస్తువులు ఎదురు చెప్పకపోవడం దగ్గరే వస్తుంది. అవి మాట్లాడవు గనక వాటి తరఫున మనమే మాట్లాడటం మొదలుపెడతాం. కొన్నాళ్ళకి మనం చెప్పిందే నిజమని మనకే నమ్మకం కుదురుతుంది.

కాకినాడలో కెమిస్ట్రీ, ఢిల్లీలో పాత వస్తువుల సంరక్షణ చదివి ఇక్కడికి వచ్చాను. పదిహేడేళ్ళు ఒక పెద్ద మ్యూజియం ల్యాబ్‌లో, చివరి ఆరేళ్ళు అల్ దోహా అల్ జదీదా పేటలో ఒక చిన్న మ్యూజియంలో పనిచేశాను. పెద్ద మ్యూజియంలో నేర్చుకున్నది ఒక పుస్తకమంత ఉంటుంది. చిన్న మ్యూజియంలో నేర్చుకున్నది ఒక చెక్కమేకంత ఉంటుంది. ఆ చెక్కమేకు గురించే ఇప్పుడు రాస్తున్నాను. పుస్తకం మీకు ఎక్కడైనా దొరుకుతుంది.

అబూ సాలెం గారి ఇల్లు

ఆ చిన్న మ్యూజియం యజమాని అబూ సాలెం. డెబ్బై దాటిన ఖతారీ పెద్దమనిషి, చేతిలో ఎప్పుడూ జపమాల. అది వాళ్ళ నాన్నగారి పాత ఇల్లు. కుటుంబం కొత్త పేటలకు వెళ్ళిపోయాక ఆ ఇంటిని ముప్పై ఏళ్ళు గదులు గదులుగా కూలీలకు అద్దెకిచ్చారు. తర్వాత ఇళ్ళ మధ్య అంతమంది బ్యాచిలర్లు ఉండకూడదని నిబంధన వచ్చింది. కూలీలందరినీ ఇండస్ట్రియల్ ఏరియా పక్కన బర్వా అల్ బరాహా క్యాంపుకు తరలించారు. ఖాళీ ఇంటిని చూడగానే అబూ సాలెం గారికి వారసత్వం గుర్తొచ్చింది. నన్ను పిలిపించారు.

మొదట్లో అదంతా తాతగారి మ్యూజియం. ముత్యాల కోసం మునిగే రోజుల్లో ఆయన వాడిన తాడు, రాయి, ముక్కుకు పెట్టుకునే క్లిప్పు. హాల్లో నడిమధ్య తాతగారి కాఫీ కూజా. దాని పుట్టుపూర్వోత్తరాలు అరపేజీ రాసి గాజుపెట్టె పక్కన తగిలించాను. ప్రారంభోత్సవం నాడు అబూ సాలెం గారి మేనత్త చక్రాల కుర్చీలో వచ్చి, దాన్ని చూసి, అది తన పెళ్ళికి బజార్లో కొన్నదని, తాతగారు ఏనాడూ దాన్ని ముట్టుకోలేదని అందరి ముందూ చెప్పింది. లేబుల్ తీసేయమంటారా అని మెల్లగా అడిగాను. అబూ సాలెం గారు జపమాలలో రెండు పూసలు జరిపారు. "పాతదేగా? పాతదని రాయి, చాలు" అన్నారు. నా పదిహేడేళ్ళ అనుభవం రాసిన అరపేజీ కంటే ఆ ఒక్క మాటలోనే నిజం ఎక్కువుంది. అప్పుడే బుద్ధి వచ్చి ఉండాల్సింది. రాలేదు.

పెళ్ళి వద్దన్న వాళ్ళ గోడ

సలహా చెప్పడానికి అమెరికా నుంచి మార్తా అనే ఆవిడని పిలిపించారు. అరవై ఏళ్ళ మనిషి, నూలు చీరలంటే పిచ్చి. వాళ్ళ ఊళ్ళో షేకర్లనే క్రైస్తవ సమాజం ఒకప్పుడు ఉండేదట. మగవాళ్ళు, ఆడవాళ్ళు ఎడంగా ఉంటూ, పెళ్ళిళ్ళు మానేసి, అందరి సంపాదనా ఒక్కచోట పెట్టుకుని, ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు. నగిషీ లేని కుర్చీలూ పెట్టెలూ చేసేవాళ్ళు. పెళ్ళిళ్ళు లేవు గనక పిల్లలు లేరు, క్రమంగా ఆ ఊళ్ళో మనుషులే లేకుండా పోయారు. మిగిలిన సామాన్లతో ఊరివాళ్ళే చందాలేసుకుని రెండు గదుల మ్యూజియం పెట్టారు. మార్తా దాన్ని ఇరవై ఏళ్ళు చూసుకుంది.

ఆవిడకి ఇల్లంతా తిప్పి చూపిస్తూ, ఇంకా సున్నం వేయని వెనక గదిలోకి తీసుకెళ్ళాను. ఒక్కసారి ఆగిపోయింది. గోడకి ఈ చివర నుంచి ఆ చివరికి ఒక చెక్కపట్టె, దానికి వరసగా పన్నెండు చిలక్కొయ్యలు. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో చేసిందే, కానీ అంచులు అద్దంలా చిత్రిక పట్టారు. కొయ్యల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేదు. షేకర్ల ఇళ్ళలో ప్రతి గదికీ ఇలాంటి పట్టె ఉంటుందట. బట్టలు, చీపుర్లు, చివరికి కుర్చీలు కూడా దానికే తగిలిస్తారట. ఫోన్‌లో ఫోటో చూపించింది. నిజంగానే అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఇక్కడ ఎవరుండేవాళ్ళని అడిగింది. పన్నెండు మంది మగవాళ్ళని, ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళని, ఒక్కరి పక్కనా భార్య లేదని చెప్పాను. "షేకర్లే!" అని చప్పట్లు కొట్టింది. వాళ్ళు దేవుడికి మాటిచ్చి అలా ఉన్నారు, వీళ్ళు వీసా మీద సంతకం పెట్టి ఉన్నారు, అంతే తేడా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"చేసినవాళ్ళని అడిగారా, ఎందుకిలా చేశారో?" అంది.

"ఎవరిని అడగాలి మేడమ్? వాళ్ళు వెళ్ళిపోయారు."

"మా ఊళ్ళో నిజంగానే అడగడానికి ఎవరూ మిగల్లేదు" అంది. "ఒక్క మేకు ఎందుకు వంకరగా ఉందో తెలుసుకోలేక నాలుగేళ్ళు తగువులాడుకున్నాం. మీ వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?"

బర్వా అల్ బరాహాకి వెళ్ళారు. బస్సెక్కితే గంట కూడా పట్టదు. కనుక్కుంటాను అన్నాను. మ్యూజియం వృత్తిలో ఈ మాటకి అర్థం కనుక్కోనని.

శుభ్రం

మార్తా వెళ్ళిపోయాక అబూ సాలెం గారికి ఆ గది మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరొచ్చినా ముత్యాల తాడు చూపించడం మానేసి, "ఇది అమెరికాలో కూడా ఉంది" అని ఆ పట్టె చూపించేవారు. షేకర్ల ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉండాలని నాకు ఆర్డర్. యల్లా, మొదలుపెట్టు అన్నారు.

మొదలుపెట్టాను. ప్రతి కొయ్య వెనకా, చెక్కకీ గోడకీ మధ్య సందులో ఎండిపోయిన ఆకుల నలుసులు దూరి ఉన్నాయి. చింతాకుల కంటే చిన్నవి, ముట్టుకుంటే పొడి. చెక్క వస్తువు దగ్గర ఎండుటాకు ఉంటే పురుగు పడుతుందని మా పాఠాల్లో మొదటి పాఠం. చిన్న వాక్యూమ్ గొట్టంతో పన్నెండు సందులూ లాగేశాను. రిజిస్టర్‌లో "ఎండిన చెత్త. తొలగించబడింది" అని రాశాను. చేసినవారు అన్న గడిలో "పేరు తెలియదు" అని రాశాను. ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకుంటే మా ఆవిడ సుజాత, "ఊళ్ళోవాళ్ళ చెత్త తీయడానికి ఢిల్లీ దాకా చదవాలి కాబోలు, మన బాల్కనీ ఊడవమంటే మాత్రం మోకాళ్ళు" అంది.

రెండో పని, మూడో చిలక్కొయ్య. అదొక్కటే వదులుగా ఉంది. పట్టుకుంటే గిరగిరా తిరుగుతోంది. ఇంత పనితనం ఉన్న మనిషి ఒక్క కొయ్య ఎందుకు వదిలేశాడో నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. లోపం అనుకున్నాను. షేకర్ల కొయ్యలు వదులుగా ఉండవని మార్తా అనడం గుర్తుంది. సూదితో జిగురెక్కించి బిగించేశాను. అరగంట పని. ఎంత బాగా బిగించానంటే, మర్నాడు అబూ సాలెం గారు దాన్ని పట్టుకుని ఊపి చూసి నా భుజం తట్టారు.

ఒక్క విషయంలో మాత్రం నా వృత్తి నన్ను కాపాడింది. మా ల్యాబ్‌లో పాత బాస్, ఈజిప్టు ఆయన, మహా నోటిదురుసు మనిషి. "నువ్వు తెలివైనవాడివి కాదు. కాబట్టి నువ్వు చేసిన ఏ పనైనా రేపు తెలివైనవాడు వచ్చి విప్పగలిగేలా చెయ్యి" అనేవాడు. ఆయన తిట్లలో ఇదొక్కటి నాకు బాగా పట్టుబడింది. గోరువెచ్చని తడి తగిలితే విడిపోయే జిగురే వాడాను.

శుక్రవారం వచ్చిన మనిషి

గది తెరిచి ఏడెనిమిది నెలలైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం వెనక గదిలోంచి గార్డు కేకలు వినిపించి వెళ్ళాను. నలభై ఐదేళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికెళ్ళి మూడో చిలక్కొయ్యను రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడు.

"హాత్ మత్ లగావ్ భాయ్!" అని అరిచాను.

అతను నా వైపు చూడకుండానే తనలో తాను, "గిది ఊడ్తలేదేంది?" అన్నాడు.

ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో వస్తువు ఊడిపోయిందని ఫిర్యాదు చేసినవాళ్ళని చూశాను. ఊడటం లేదని బాధపడ్డ సందర్శకుడు ఇతనొక్కడే.

"తెలుగువారా మీరు?" అన్నాను.

"కాదా మరి? జగిత్యాల దిక్కు. గంగారాం నా పేరు. పద్నాలుగేండ్లు ఈ రూంలనే ఉన్న సార్. ఇల్లు కూలగొట్టిన్రు అనుకున్న. మొన్న క్యాంపుల ఎవడో ఫోన్ల ఫోటో జూపిచ్చె. మా పట్టె గోడకే ఉండె. గుండె ఆగినంత పనైంది." తర్వాత గొంతు తగ్గించి, "ఎల్లుండి నాకు ఫైనల్ ఎగ్జిట్. వీసా ఖలాస్. కొయ్యల సామాన్ ఉంది, అది తీస్కపోతె సాలు" అన్నాడు.

కొయ్యలో సామానేమిటని అడిగాను. అతను చెప్పినదంతా అక్కడే నేల మీద కూర్చుని విన్నాను. గార్డు విడ్డూరంగా చూస్తూ నిలబడ్డాడు.

పట్టె చేసింది రాజలింగం. గంగారాంకి వడ్రంగం నేర్పి, చెయ్యి పట్టి ఇక్కడికి తెచ్చిన ఉస్తాద్. మూడో కొయ్య ఆయనది. రూంలో పొగ తాగొద్దన్న రూలు ఉంది గనక, వెనక బోలుగా తొలిచి బీడీలు దాచుకునేవాడు. కొయ్య వదులు అందుకే. దసరా వస్తే పన్నెండుగురూ అబూ హమూర్ దాటి ఒక పాత ప్రహరీ పక్కనున్న జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. అరబ్బులు దాన్ని గాఫ్ అంటారు, చెట్టు అదే. ఆకు తెంపి బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునేవాళ్ళు. ఊళ్ళో పెద్దలకివ్వాల్సిన ఆకును మాత్రం ఎవరి కొయ్య వెనక వాళ్ళు దాచుకునేవాళ్ళు. ఛుట్టీకి ఊరికి పోయినప్పుడు తీసుకెళ్ళి చేతిలో పెట్టేవాళ్ళు.

మా కాకినాడలోనూ దసరాకి జమ్మిచెట్టు చుట్టూ తిరుగుతాం, చీటీ మీద శ్లోకం రాసి కడతాం. కానీ ఆకు తెచ్చి బంగారంలా చేతిలో పెట్టడం నేనెరగను. ఎరిగుంటే ఆ నలుసుల్ని పోల్చుకునేవాణ్ణేమో. తెలుగువాణ్ణే, జమ్మి తెలిసినవాణ్ణే, ముక్కు కింద ఉన్న జమ్మిని చెత్త అని రాశాను. మార్తా అయితే కనీసం ఒక ఫోటో తీసేది.

"ఉస్తాద్‌కు నాకు మాటల్లేవు సార్" అన్నాడు గంగారాం. "ఆయన కండ్లు మసకబడ్డయి. మిషిని మీద పని. ఓ నాడు రంపం ఏలికి ఇంత దూరంల పోయింది. నేనే ఫోర్మన్‌కు జెప్పిన, ఈయన కండ్లు కనవడ్తలెవ్వని. పది దినాలల్ల కంపెనీ ఇంటికి పంపె. నా పొట్ట గొట్టినవ్ రా అని పోయిండు. ఛుట్టీకి పోయినప్పుడల్లా ఆయన గల్లీ దాంక పోతుంటి, దర్వాజ దాంక పోకపోతుంటి."

"మరి ఆకులు?"

"ప్రతి దసరకు ఆయన పేర ఒక ఆకు తీసి, సిగరెట్ డబ్బల ఎండి కాయితంల సుట్టి, ఆయన కొయ్యలనే పెట్టిన. ఏడు పండుగలు. క్యాంపుకు ఒక్క పూటల తోలిన్రు, తీస్కునే సందు దొర్కలే. క్యాంపుకు పోయినంకయి ఆరు నా పెట్టెల ఉన్నయి. గిప్పుడు ఆయన మంచంల ఉన్నడట."

నేను మ్యూజియం మనిషిని గదా, నోరూరుకోలేదు. చెట్టు అక్కడే ఉందిగా, తాజా ఆకు తీసుకెళ్ళొచ్చుగా అన్నాను. గంగారాం నన్ను జాలిగా చూశాడు.

"కొత్తయి తీస్కపోతె నిన్న తెంపినవ్ అంటడు సార్. ఏడేండ్లు యాదికి పెట్టుకున్న అని ఎట్ల నమ్ముతడు?"

ఒక వస్తువు అసలుదా, నకలుదా, ఎక్కడి నుంచి వచ్చింది, దానికి రుజువేమిటి అని మేం మూడు నెలల కోర్సు చెబుతాం. ఇంత సూటిగా మా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

అప్పుడు అతను చెయ్యి చాచి మొదటి కొయ్య వెనక సందులో వేలు పెట్టి చూశాడు. రెండోది చూశాడు. ఐదోది తనదే అనుకుంటాను, దాని వెనక ఎక్కువసేపు వెతికాడు.

"ఈటి ఎన్కయి ఏడికి పోయినయి?"

అబద్ధం చెప్పొచ్చు. పాత ఇల్లు, ఎలుకలు, సున్నం పని, సాకులకి కొదవలేదు.

"నేనే తీసేశానయ్యా. చెత్త అనుకున్నాను."

గంగారాం సందులోంచి వేలు తీసి దులుపుకున్నాడు. "అండ్ల కొందరు ఊరికి పోయి తీస్కపోలే. మర్షిపోయిన్రు. ఇద్దరు సచ్చిపోయిన్రు. ఆళ్ళయి గూడ ఉండె" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

జిగురు

ఇక మిగిలింది మూడో కొయ్య. రిజిస్టర్‌లో నంబరు పడ్డ వస్తువును యజమాని అనుమతి లేకుండా విప్పకూడదు. అబూ సాలెం గారికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో కారేసుకుని వచ్చారు. ఆయన గర్వపడే షేకర్ గోడను ఒక వడ్రంగి కోసం విప్పుతానంటే ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. జమ్మి సంగతి, ఉస్తాద్ సంగతి, నా తెలివి సంగతి అరబ్బీలో నాకొచ్చినంత చెప్పాను.

"గాఫ్ ఆకా?" అన్నారు. "మా తాత ఒంటెలు తినేవి."

తర్వాత గంగారాం వైపు తిరిగి, ఏ గదిలో ఉండేవాడివని హిందీలో అడిగారు. ఇదే గది అన్నాడు. ముప్పై ఏళ్ళు అద్దెకిచ్చిన గదిలో ఉన్న మనిషి ముఖాన్ని ఆయన చూడటం బహుశా అదే మొదలు. తీయమని నాకు చేత్తో సైగ చేశారు.

దూదిపుల్లలు గోరువెచ్చని నీళ్ళలో ముంచి కొయ్య చుట్టూ అద్దుతూ కూర్చున్నాను. తడి ఎక్కువైతే లోపలికి దిగి ఆకులు పాడవుతాయి, తక్కువైతే జిగురు వదలదు. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. లోపల ఏమీ లేకపోతే ఆ మనిషి ఉత్త చేతులతో ఆ గల్లీ దాకా వెళ్ళి వెనక్కి వస్తాడు, అంతకు మించి వెళ్ళలేడు. గంగారాం నా పక్కన గొంతుక్కూర్చుని, "జర్ర ఎడమకు తిప్పు సార్. ఉస్తాద్ కొయ్యలు ఎడమకే తిరుగుతయి" అన్నాడు. ఎడమకు తిప్పాను. వచ్చింది.

లోపల ఏడు వెండి కాగితం చుట్టలు. దుమ్ము లేదు, పురుగు లేదు, రంగు కూడా పెద్దగా పోలేదు. ఏడేళ్ళు అతను దాచినదాన్ని చివరి ఏడెనిమిది నెలలు కాపాడింది నా జిగురే. కొయ్య అలాగే వదులుగా ఉండి ఉంటే తర్వాత ఏదో ఒక రోజు దాన్ని ఊడదీసి, వాక్యూమ్ గొట్టం లోపల కూడా పెట్టేవాణ్ణని నాకు బాగా తెలుసు. గంగారాం చుట్టలు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునేముందు ఒకటి విప్పి, చిటికెడు ఆకు తీసి నా అరచేతిలో పెట్టి, ఒంగి నా కాళ్ళు తాకాడు. దసరా కాదు, నేను అతనికి ఏ వరసా కాను. అబూ సాలెం గారు కూడా చెయ్యి చాచారు. ఆయనకీ ఒక రెక్క పెట్టాడు.

లేబుల్ మార్చాలన్నాను. "పేరు రాయి, రాజలింగం అని" అన్నారు అబూ సాలెం గారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "మా నాన్న పేరు మాత్రం పైన ఉండనీ" అన్నారు.

రిజిస్టర్‌లో ఆఖరి వాక్యం

కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇంతే. ముందు మనిషిని వెతకండి, తర్వాత దూదిపుల్ల తీయండి. మనిషి దొరకడని మీకు మీరే సర్దిచెప్పుకునేముందు ఒకసారి బస్సెక్కండి. గంగారాం వెళ్ళాక మూడు శుక్రవారాలు నేను బర్వా అల్ బరాహాకి వెళ్ళాను. ఆ రూంవాళ్ళు ఇద్దరు దొరికారు. ఆకులు పోయాయని చెప్పి క్షమాపణ అడిగాను. ఒకతను పర్లేదన్నాడు. రెండో అతను టీ ఇచ్చాడు. మిగతావాళ్ళ పేర్లు రాసుకొచ్చాను. పోయిన ఆకులకి అవే గుర్తు.

ఇంకో నెలలో నా వీసా కూడా ఖలాస్. ఊరందరి సామాన్లు భద్రపరిచిన మనిషికి విమానంవాడు ముప్పై కిలోలు ఇచ్చాడు. సుజాత ఇప్పటికే ఇరవై ఎనిమిది నింపేసింది.

గంగారాం వెళ్ళిన వారానికి ఫోన్ వచ్చింది, వీడియో కాల్. తెరలో ఒక ముసలాయన, నులకమంచం, గోడకానిన దిండు. ఒళ్ళో వెండి కాగితం చుట్టలన్నీ వరసగా ఉన్నాయి, విప్పిన ఆకు గుప్పిట్లో ఉంది. ఫోన్ పట్టుకున్న గంగారాం చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. ఇద్దరూ మాట్లాడుకున్నారా, క్షమించాడా అని నేను అడగలేదు. ముసలాయన ఎటో చూస్తూ అడిగాడు.

"మ్యూజియం సారా? నా కొయ్య మల్ల వదులు జేసినవా?"

"చేశానండీ. వదులుగానే ఉంది."

"గట్లనే ఉండనియ్యి. ఎవ్వడన్న బిగిస్త అంటె చెయ్యి మీద కొట్టు" అన్నాడు. తర్వాత పక్కకి తిరిగి, "అరేయ్ గంగా, ఫోన్ జర్ర పైకి పట్టు, ఆయినెకు నా మొఖం అవుపడాలె గద" అని కసిరాడు. చెయ్యి పైకి లేచింది.

ఫోన్ పెట్టేసి రిజిస్టర్ తీశాను. "ఎండిన చెత్త" అన్న మాట కొట్టేయలేదు, తప్పు కూడా భద్రంగా ఉండాల్సిందే. దాని కింద రాశాను: జమ్మి ఆకులు, పన్నెండుగురివి. తొలగించినవాణ్ణి నేను. మూడో చిలక్కొయ్య ఎదురుగా రాశాను: బిగించరాదు. చేసినవారి మాట.